నీ యాడ్ చూశా బేటా

అస్సలాము అలైకుమ్ బేటా,

నువ్వు పంపిన యాడ్ మూడుసార్లు చూశా. హిజాబ్ కట్టుకున్న పిల్ల ఎండలో ముఖమంతా కందిపోయి బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది, మీ జెల్ రాసుకోగానే చందమామలా వెలిగిపోతుంది. తీయడం బాగానే తీశారు గానీ మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళుగా ఎండల్లో స్కార్ఫ్ కట్టుకు తిరుగుతున్నదాన్ని, నా తలమీద గుడ్డని రోగంలా చూపిస్తే ఎట్లా చెప్పు.

ఉక్కపోయదని నేననట్లేదు. చెమట ఆరే దారి లేక నుదుటి అంచున, గడ్డం కింద పిన్ను పెట్టేచోట, స్కార్ఫ్ లోపల వేసుకునే అండర్‌క్యాప్ బిగిసేచోట చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. ఆటల్లో హెల్మెట్ పెట్టుకునేవాళ్ళకి పట్టీ కింద లేచేవీ ఇవే, వేడి, చెమట, రాపిడి అంతే, మరి వాళ్ళని చూసి అయ్యో పాపం అని ఎవరూ యాడ్ తీయరేం? నాకైతే అండర్‌క్యాప్ రోజూ ఉతికింది వేసుకుని, పాలిస్టర్ మానేసి పల్చటి కాటన్‌కి వచ్చాకే తగ్గాయి.

ఇంకోటి, కోప్పడకు. మీ 'హిజాబ్ స్పెషల్' జెల్లూ, మీ మామూలు జెల్లూ పక్కపక్కన పెట్టి కళ్ళజోడు తగిలించుకుని వెనకున్న చిన్నక్షరాలు చదివా. నీళ్ళు, గ్లిజరిన్, నియాసినమైడ్, అట్లా మొదటి ఆరు పేర్లూ అవే, వరసా అదే. ఎక్కువున్నది ముందు రాస్తారుగా, అంటే సరుకు దాదాపు ఒకటే. కొత్తగా చేరింది మెంథాలూ సెంటూ. మెంథాల్ చల్లబరచదు, చల్లగా ఉన్నట్టు అనిపిస్తుందంతే, గుడ్డ ఒరుసుకునే చోట రాసి చూడు, మంటెత్తిపోతుంది.

పైగా వాటర్‌ప్రూఫ్ సన్‌స్క్రీన్ అని పెద్దక్షరాలతో వేశారు. నమాజుకి ముందు ముఖం, చేతులు కడుక్కునే వుజూలో నీళ్ళు చర్మానికి తగలాలి కదా, ఆ మాట చూడగానే మనవాళ్ళకి వచ్చేది నమ్మకం కాదు, అనుమానం. దానిబదులు వుజూకి ముందు కడిగేసుకోండి, నమాజయ్యాక మళ్ళీ రాసుకోండి అని రాయొచ్చుగా, ఎట్లాగూ బయట ఉంటే రెండు గంటలకోసారి రాయమనేగా చెప్తారు. సెటైల్ ఆల్కహాల్ పేరు చూసి హరామేమో అని సీసా పక్కన పెట్టేసే ఆడవాళ్ళు ఎంతమందో, అది మైనంలాంటి కొవ్వు పదార్థం, మత్తెక్కించేది కాదు అని ఒక్క లైను రాస్తే మీ సొమ్మేం పోయింది? మొటిమల మందుల్లో బెంజాయిల్ పెరాక్సైడ్ ఉంటే గుడ్డ రంగు పోతుందని కూడా ఎవరూ చెప్పరు. నా నల్ల స్కార్ఫ్ గడ్డం దగ్గర ఇటుకరంగు మచ్చలు పడి ఉండేది గుర్తుందా, నువ్వు టీ ఒలకబోశావని తిట్టా కూడా, అది ఆ క్రీమ్ పనే.

మీ బాస్‌కి ఇవన్నీ చెప్తావో లేదో నీ ఇష్టం, ఉద్యోగం కొత్తది, నాకూ తెలుసు. శాంపిల్స్ పంపుతానన్నావుగా, సెంటు లేనివైతేనే పంపు.

మీ అమ్మీ