రామప్ప దగ్గర భవనం కట్టే ముందు నీటి లెక్క తేల్చాలి

సంపాదకులకు,

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం పాలంపేటలోని రామప్ప గుడికి 2021 జులైలో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. 2022 డిసెంబరులో పుణ్యక్షేత్రాల్లో వసతుల కోసం కేంద్రం నడిపే ప్రసాద్ పథకం కింద అక్కడి వసతుల కోసం రాష్ట్రపతి ద్రౌపది ముర్ము శంకుస్థాపన చేశారు. వచ్చే జనానికి టికెట్ కౌంటరు, మరుగుదొడ్లు, గుడి చరిత్ర చెప్పే గది, నీడ కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే పర్యావరణ హితమైన భవనం అనగానే సోలార్ పలకలు, ఎల్‌ఈడీ దీపాల దగ్గరే ఆగిపోవడం మనకు అలవాటైంది. రామప్ప విషయంలో అసలు చూడాల్సింది నీళ్లు. ఎక్కడి నుంచి తెస్తారు, వాడినవి ఎక్కడికి వదులుతారు అన్నది తేలాకే మిగతా మాటలు.

కారణం గుడి పునాదిలోనే ఉంది. 1213 నాటి శాసనమున్న ఈ గుడి బరువంతా గుంత తవ్వి నింపిన ఇసుక పొర మీద నిలబడింది. ఇసుక నాలుగు వైపులా బిగిసి ఉన్నంత కాలం ఎంత బరువైనా మోస్తుంది. భూమి లోపల నీరు ఒక పక్కకు పారడం మొదలైతే సన్న రేణువులు దాంతోపాటే కొట్టుకుపోతాయి, ఖాళీ పడిన చోట పై రాయి కుంగుతుంది. దగ్గరలో బోరు వేసి రోజంతా తోడినా ప్రమాదమే, ఇంకుడు గుంతలో మురుగు వదిలినా ప్రమాదమే. మిగతా ఊళ్లలో మేమే కట్టించుకోమని చెప్పే ఇంకుడు గుంత ఇక్కడ గుడి చుట్టుపక్కల వద్దే వద్దు.

చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. అనుమతి దొరుకుతుంది కదా అని ఆ 200 మీటర్లలోకి చొరబడకుండా మొత్తం 300 మీటర్లూ దాటి, ఒకే అంతస్తుతో కట్టడం మేలు. అదురు గుడికి తగలకుండా రోడ్డు పనుల్లో వైబ్రేటర్ రోలరు బదులు మామూలు బరువు రోలరు వాడాలి.

రోజుకు 2,000 మంది వస్తారనుకుందాం. మనిషికి 10 లీటర్లే వేసుకున్నా 20,000 లీటర్ల మురుగు. మేడారం జాతర రోజుల్లో ఈ లెక్క ఎన్ని రెట్లవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి సెప్టిక్ ట్యాంకు రద్దీ రోజుల కొలతకే కట్టాలి. దాని తర్వాత మురుగు మెల్లగా సాగేలా అడ్డుగోడల గదులు, ఆ తర్వాత దాన్ని శుద్ధి చేయడానికి 60 సెంటీమీటర్ల లోతున కంకర నింపి మెట్టతామర నాటిన మడి రావాలి. మడి అడుగున నీరు దిగని షీటు పరవడం ఇక్కడ తప్పనిసరి. ఈ మడులు చెడిపోయేది ఎక్కువగా నీరు లోపలికొచ్చే చోటే. కడగని కంకర పోస్తే దుమ్ము పేరుకుని ఏడాది తిరక్కుండానే పూడుకుపోయి మురుగు పైకి తేలుతుంది. మొదటి అర మీటరులో గుప్పెడంత రాళ్లు, మిగతాచోట కడిగిన చిన్న కంకర వేయాలి. శుద్ధైన నీటిని గుడికి అవతలి దిక్కున చెట్లకే పారించాలి.

వాన సంగతి ఇంకా ముఖ్యం. 2023 జులైలో ఇదే వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. 500 చదరపు మీటర్ల కప్పు మీద అది దాదాపు 3,25,000 లీటర్లు. అంత నీటిని ఏ ట్యాంకూ పట్టదు. నిండాక పొర్లే నీరు గుడి వైపు తిరగకుండా రాతి కాలువ ముందే కట్టి ఉంచాలి. తాగునీరు భగీరథ పైపు నుంచి, ఫ్లష్‌కు వాన నీరు. బోరు వద్దు.

ఇక గోడలు. సిమెంటు కలిపి యంత్రంతో నొక్కిన మట్టి ఇటుకలు ఇక్కడికి సరిపోతాయి, బట్టీ కట్టెలు ఆదా అవుతాయి. కానీ చెరువు మట్టిని ఉన్నదున్నట్టు నొక్కితే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. సీసాలో మూడో వంతు మట్టి, మిగతాది నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచితే ఇసుక అడుగున, ఒండ్రు మధ్యన, బంకమట్టి పైన తేరుకుంటాయి. బంకమట్టి 10-15 శాతానికి తగ్గేదాకా ఇసుక కలపాలి. సిమెంటు 7 శాతం చాలు. కలిపిన మాలు అరగంటలో నొక్కేయాలి. మధ్యాహ్నం భోజనానికి ముందు కలిపి తర్వాత నొక్కిన ఇటుక పైకి బాగానే కనిపిస్తుంది, తొలి వానకే అంచులు రాలతాయి. 21 రోజులు తడపాలి. ఒక రోజంతా నానబెట్టి పరీక్షిస్తే ఇటుక తట్టుకునే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లకు తగ్గకూడదు. నల్లరేగడికి సిమెంటు పనికిరాదు, సున్నమే కలపాలి.

ఇటుకలు పేర్చే కట్టుబడికి సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. మాలు ఇటుక కంటే గట్టిదైతే పగులు ఇటుక మధ్య నుంచే పోతుంది. బేస్‌మెంట్ రెండడుగుల ఎత్తున రాతితో, చూరు మూడడుగులు బయటికి ఉండాలి. గోడకు పూత పెట్టాలనుకుంటే సిమెంటు వద్దు, లోపలి తడి బయటికి పోలేక పెచ్చులూడుతుంది. గానుగలో నూరిన డంగు సున్నం వాడాలి. సున్నం రాళ్లు నీళ్లలో పూర్తిగా విరిసి, నానాకే గానుగకు వెళ్లాలి. తొందరపడితే విరియని నలుసులు గోడ మీద పొక్కులై పేలతాయి.

కప్పుకు పెంకులు అందమే, కానీ గుడి ఊళ్లలో కోతులు వాటిని నిలవనీయవు. పెంకులను స్లాబు కింది భాగంలో పూడ్చి కాంక్రీటు పోస్తే కాంక్రీటు తగ్గుతుంది, గదీ చల్లగా ఉంటుంది. పోసే ముందు పెంకుల్ని నానబెట్టాలి, లేదంటే కాంక్రీటులోని నీటిని అవి పీల్చేస్తాయి.

గుడి శిఖరాన్ని పోలిన సిమెంటు గోపురాలు మాత్రం దయచేసి పెట్టొద్దు.

చివరగా ఒక కోరిక. పని మొదలయ్యే ముందే భవనానికీ గుడికీ మధ్య కనీసం రెండు చోట్ల కొలత గొట్టాలు దించి, ఏడాది పాటు నెలనెలా భూగర్భ జల మట్టం రాయాలి. కట్టాక కూడా ఆపకూడదు. మట్టం అసహజంగా మారితే పని నిలిపేసే షరతు టెండరులోనే ఉండాలి. ఆ అంకెలను పాలంపేట పంచాయతీ నోటీసు బోర్డు మీద కూడా పెట్టాలి.

- కట్టడాల పరిరక్షణ పనుల్లో ఉన్న కొందరు ఇంజనీర్లు, మేస్త్రీలు, హనుమకొండ