బ్రెజిల్ విందన్నారు, ఫ్రైడ్ రైస్ పెట్టారు

ఎడిటర్ గారికి,

పోయిన శనివారం నెల్లూరులో ఒక హోటల్ వాళ్లు ‘బ్రెజిల్ ప్రాంతీయ వంటలు, లైవ్ మ్యూజిక్, డాన్స్’ అని ఫ్లెక్సీలు కట్టి టికెట్లు అమ్మితే ఇంటిల్లిపాదీ వెళ్లాం. హోటల్ పేరు రాయను, ఆ గొడవ నాకెందుకు. కానీ ఇలాంటి ఫుడ్ ఫెస్టివల్స్ మన ఊళ్లో ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి కాబట్టి ఇప్పుడే నాలుగు మాటలు అనకపోతే ఇదే అలవాటైపోతుంది.

పెట్టిందేమిటయ్యా అంటే నిప్పుల మీద కాల్చిన చికెన్, పైనాపిల్ ముక్కలు, పాస్తా, ఫ్రైడ్ రైస్. అవును, ఫ్రైడ్ రైసే. స్టేజీ మీద ఈకల కిరీటాలతో నలుగురు అమ్మాయిలు, వెనక పెన్‌డ్రైవ్ పాటలు. లైవ్ మ్యూజిక్ ఏదయ్యా అంటే మధ్యలో ఒకాయన వచ్చి డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు వేసి వెళ్లాడు. రియో కార్నివాల్ ఫొటోలు చూసి దేశమంతా అంతే అనుకున్నట్టున్నారు. మరి ‘ప్రాంతీయ’ అని ఎందుకు వేసినట్టు?

మాంసం కాల్చుకు తినడం దక్షిణాన రియో గ్రాండే దో సుల్ రాష్ట్రం వాళ్లకు పెట్టింది పేరు. ఈశాన్యాన సముద్రం ఒడ్డునున్న బహియా రాష్ట్రం తిండి పూర్తిగా వేరు. అక్కడ అకరాజే అని చేస్తారు. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ వేసి రుబ్బి, ఎర్రటి పామాయిల్లో వేయిస్తారు. వేగాక మధ్యకు చీల్చి ఎండు రొయ్యలు, టమాటా ముక్కలు, కారం, ఇంకా కొబ్బరి పాలు, రొయ్యలు, జీడిపప్పు, వేరుశనగ వేసి ఉడికించిన వతపా అనే ముద్ద కూరతారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్లు నిలబెట్టిన వంట ఇది. బహియా రాజధాని సాల్వడార్ వీధుల్లో తెల్ల గౌన్లు, తలపాగాలు కట్టుకున్న ఆడవాళ్లు కూర్చుని అమ్ముతుంటారు, వాళ్ల పనిని 2005లో బ్రెజిల్ ప్రభుత్వం దేశ వారసత్వంగా గుర్తించింది కూడా. ఇందులో మనకు దొరకనిది ఏముంది? అలసంద వడలు ఎరగని వాళ్లమా, ఎండు రొయ్యలకు కరువా?

మొకేకా అనే చేపల కూర కూడా అంతే. మట్టి దాకలో ఉల్లి, టమాటా, క్యాప్సికం పరిచి, నిమ్మరసం పట్టించిన చేప ముక్కలు పేర్చి మగ్గబెడతారు. బహియా వాళ్లు అందులో కొబ్బరి పాలు, ఎర్ర పామాయిల్ పోస్తారు. పక్కనున్న ఎస్పిరితో శాంతో రాష్ట్రం వాళ్లేమో ఆ రెండూ పోస్తే అది మొకేకానే కాదు పొమ్మంటారు. పులుసులో మామిడికాయ ముక్క పడాలా వద్దా అని గంటసేపు వాదించుకునే ఊరికి ఈ తగవు చెప్తే ఎంత బాగా ఎక్కేదో! మైపాడు నుంచి వంజరం తెప్పించి రెండు దాకలూ పక్కపక్కన పెట్టి ఉంటే నేను టికెట్ డబ్బుల గురించి ఒక్క మాట అనేవాణ్ని కాదు.

పాటల సంగతీ చెప్పాలి. ఆ ఈశాన్యం వాళ్ల ఫోర్రో అనే ఆటపాటకి అకార్డియన్, ట్రయాంగిల్, భుజానికి తగిలించుకుని రెండు వైపులా వాయించే జబుంబా అనే డోలు ఉంటే చాలు. ముగ్గురు మనుషులు. జూన్‌లో సెయింట్ జాన్ పండక్కి ఊళ్లకు ఊళ్లు జంటలుగా ఆడతాయి. ఇక్కడ మమ్మల్ని మాత్రం పార్టీ మీటింగ్‌లో లాగా కుర్చీల్లో కట్టేసి, పక్కవాడి మాట వినపడకుండా స్పీకర్లు మోగించారు.

అన్నిటికీ మించి నాకు మండిందేమిటంటే, యాంకరమ్మ మైకు పట్టుకుని ‘ఎక్కడి బ్రెజిల్, ఎక్కడి నెల్లూరు’ అంది. అక్కడి పశువుల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు గిత్తల సంతతి, ఆ జాతిని వాళ్లు నెలోర్ అంటారు. ఒకప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే ఆ పేరు. 1960ల్లో అక్కడికి వెళ్లిన ఒక గిత్తను ఒంగోలు దగ్గరి కరవది పేరుతోనే పిలిచారు. అక్కడ వాటిని పెంచేది ఎక్కువగా మాంసానికే, అది మనలో చాలామందికి మింగుడు పడదు, కానీ నిజం నిజమే. ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే హాలంతా లేచి చప్పట్లు కొట్టేది.

ఈసారి చేసేవాళ్లు ఏ రాష్ట్రం వంటో ఫ్లెక్సీ మీదే వేయండి, ప్రతి గిన్నె ముందూ పేరు, అందులో ఏం వేశారో రాసిన అట్టముక్క పెట్టండి, వాయించేవాళ్లు లేకపోతే లైవ్ అని రాయకండి. ఐదేళ్ల పిల్లకు ఫుల్ టికెట్ కొట్టారు, దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తా.

- ఒక పాఠకుడు, మాగుంట లేఅవుట్, నెల్లూరు