వివాదాస్పద నేత వద్ద కొలువు: చేరేముందే తేల్చుకోవలసింది

సంపాదకులకు నమస్కారం.

వివాదాల్లో నలుగుతున్న రాజకీయ నాయకుల వద్ద చదువుకున్న యువత ఉద్యోగం చేయడం తగునా అన్న విషయంపై మీ పాఠకులు రాస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. వాటిలో చాలావరకు ఆ నాయకుడు మంచివాడా, చెడ్డవాడా అన్న వాదన దగ్గరే ఆగిపోతున్నాయి. ఒక ప్రజాప్రతినిధి పేషీలో పదకొండేళ్లు స్టెనోగా పనిచేసినవాడిగా నాకు తెలిసినంతలో, ఉద్యోగంలో చేరబోయేవారికి ఆ వాదన పెద్దగా ఉపయోగపడదు.

మా అన్నయ్య కూతురు ఈమధ్య ఇదే సందిగ్ధంతో నా దగ్గరకు వచ్చింది. ఆమెను పిలిచింది ప్రసంగాలు రాసే పనికి. ‘‘బాబాయ్, ఆయన మాటలు కొన్ని వింటే నాకు కంపరం పుడుతుంది, కానీ రాసేది నేనైతే ఆ ఘాటు కొంత తగ్గించవచ్చు కదా’’ అంది. నేను ఆ నాయకుడి గురించి ఒక్క మాట కూడా అనకుండా, ఏ వాక్యం రాయమంటే రాయనంటావో అది ఇప్పుడే కాగితం మీద పెట్టమన్నాను. ఆ పిల్ల చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది గానీ ఏమీ రాయలేకపోయింది.

అలా అడగడానికి నా అనుభవమే కారణం. ఒక సాయంత్రం ఒక సిఫారసు లేఖకు పది రోజుల వెనకటి తేదీ వేసి టైపు చేయమన్నారు. ఎవరూ బెదిరించలేదు, గొంతు కూడా పెంచలేదు. అది మామూలు పని అన్నట్టుగానే చెప్పారు, నేనూ మామూలుగానే చేశాను. డిస్పాచ్ రిజిస్టరులో ఆ తేదీ దగ్గర ఖాళీ వరుస లేకపోవడంతో పాత నంబరొకటి పక్కన ‘ఏ’ అని చేర్చి ఆ లేఖను ఇరికించాను. ఆ అక్షరం నా చేతిరాతే. తప్పు చేయించేవాడు కళ్లెర్ర చేసి అడుగుతాడని, అప్పుడు కాదనవచ్చని అనుకునేవాణ్ణి. అడిగినట్టే తెలియకుండా అడుగుతారని ఆ రోజు అర్థమైంది. అందుకే, ఏది చేయకూడదో ముందే తేల్చుకోని మనిషికి కాదనవలసిన ఘడియ వచ్చిందని కూడా తెలియదు.

అలా ముందే తేల్చుకున్న మనిషి అమెరికా అటార్నీ జనరల్, అంటే అక్కడి న్యాయశాఖ అధిపతి, ఎలియట్ రిచర్డ్‌సన్. 1973లో పదవి చేపట్టేముందే, ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో దొంగచాటుగా చొరబడిన వాటర్‌గేట్ వ్యవహారాన్ని దర్యాప్తు చేసే ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తీవ్రమైన తప్పిదం ఉంటే తప్ప తొలగించనని ఆయన సెనేట్‌కు మాట ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబర్ 20న, అధ్యక్షుడి కార్యాలయంలో రికార్డు చేసిన సంభాషణల టేపుల కోసం పట్టుబట్టిన ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తొలగించమని అధ్యక్షుడు నిక్సన్ ఆదేశించినప్పుడు, ఆయన కొత్తగా ఆలోచించవలసింది ఏమీ లేకపోయింది, రాజీనామా చేశారు. తరువాతి స్థానంలో ఉన్న విలియం రకల్స్‌హౌస్ కూడా కుదరదన్నారు. మూడో వ్యక్తి రాబర్ట్ బోర్క్ ఆ పని పూర్తి చేశారు.

‘నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు’ అనేవారికి ఇది అనుకూలంగానే కనిపిస్తుంది, ఎందుకంటే నిజంగానే ఇంకొకరు చేశారు. అయితే వరుసగా ఇద్దరు కాదనడం వల్లనే ఆ ఆదేశం ఎంత అసాధారణమైనదో దేశానికి తెలిసింది. జనాగ్రహం ఎంతగా పెల్లుబికిందంటే, రెండు వారాలు తిరగకముందే లియన్ జవోర్‌స్కీ అనే మరో ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను నియమించక తప్పలేదు, మరుసటి ఏడాది ఆగస్టులో నిక్సన్ గద్దె దిగారు. మొదటి మనిషే తలూపి ఉంటే అది ఒక మామూలు బదిలీ ఉత్తర్వులా దాటిపోయేదేమో.

అలాగని సరిపడని వారి దగ్గర అసలే పనిచేయకూడదని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి కాంగ్రెస్‌తో తలపడిన అంబేడ్కర్ 1947లో నెహ్రూ మంత్రివర్గంలో న్యాయశాఖ చేపట్టారు, రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించారు, హిందూ స్త్రీలకు ఆస్తి, వివాహ విషయాల్లో హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనప్పుడు 1951లో రాజీనామా చేశారు. దూరంగా ఉండి ఉంటే ఆయన మడి చెడేది కాదు గానీ, దేశం చాలా నష్టపోయేది. ఇక్కడ పని స్వభావం కూడా చూడాలి. అదే కార్యాలయంలో జీతాల లెక్కలు చూసేవారి బాధ్యత, నాయకుడి నోటికి మాటలు అందించేవారి బాధ్యత ఒకటి కావు. ప్రసంగం రాసేవారు తమ తెలివిని అరువిస్తారు, దాన్ని ఎవరి మీద ప్రయోగించాలో మాత్రం అవతలివారు నిర్ణయిస్తారు.

ఇంకొక మాట, కాస్త మొరటుగా ఉన్నా చెప్పాలి. వదిలిపెట్టి వచ్చే స్తోమత ఉన్నవారికే లోపల ఉండి అడ్డుకోగల ధైర్యం ఉంటుంది. వచ్చే జీతాన్ని నమ్ముకుని ఇంటి అప్పు చేసినవాడు నెల మధ్యలో రాజీనామా ఇవ్వలేడు. నేను ఆ తేదీ వేసిన నెలలో నాకూ రెండు వాయిదాలు బాకీ ఉన్నాయి. నోటిమాటగా వచ్చే ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడిగే అలవాటు మొదటి వారంలోనే చేసుకోవాలి. రెండో ఏడాది మొదలుపెడితే దాన్ని తిరుగుబాటుగా తీసుకుంటారు.

మా అమ్మాయి చివరకు రెండు వాక్యాలు రాసింది. ఏ వర్గం ప్రజలనూ కించపరిచే మాట రాయనని, అబద్ధమని తనకు తెలిసిన సంగతిని నిజమని రాయనని. ఆ కాగితాన్ని తన దగ్గరే దాచుకుంటుందనుకున్నాను, కానీ దరఖాస్తుకు జతచేసి పంపిందట. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టెనోగ్రాఫర్