పిలుపును బట్టే మనిషి

పర్లాకిమిడి

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్లో నువ్వు దంచిన పాఠానికి అక్కడికక్కడే జవాబు చెబుదామనుకున్నాను గానీ, షాపు నిండా జనం. వాట్సాప్‌లో ఇంత పొడుగు రాస్తే నువ్వు చదవవు, ఓ దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువు, కాలేజీలో పేపర్లు దిద్దుకుంటూ కాదు.

"మనిషి స్వభావం మనిషిదేరా, పిలుపులూ వరసలూ ఆచారాలూ అన్నీ పైపూత" అన్నావు. సోషియాలజీ చెప్పేవాడివి, నీతో వాదించేంత చదువు నాకు లేదు. కానీ తెలుగూ ఒడియా రెండూ నడిచే ఈ సరిహద్దు ఊళ్లో, పర్లాకిమిడి బజార్లో మందుల షాపు పెట్టుకుని కూర్చున్నవాడికి ఒక సౌకర్యం ఉంది. ఒకే మనిషి రెండు భాషల్లో రెండు రకాలుగా ఉండటం పొద్దస్తమానం కనబడుతూనే ఉంటుంది. మీ విశాఖలో స్వభావం అనుకునేది ఇక్కడికొచ్చేసరికి అలవాటని తేలిపోతుంది.

మా షాపు ఎదురుగా స్టాండులో ఓ ఆటో కుర్రాడున్నాడు. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చిన తెలుగాయన ఎవరైనా ఎక్కితే, "ఏటి బాబూ, ఇరవై రూపాయలకి ఎవులొస్తారు, పెట్రోలు రేటు సూసినావా?" అని చేతులూపుతూ ఊరంతా వినేలా బేరమాడతాడు. అదే ఒడియాలో మాట్లాడే ఆఫీసు బాబు ఒకాయన వచ్చి స్టేషనుకి పదమంటే, వీడి నోట్లోంచి "ఆగ్యా", అంటే "చిత్తమండి" అని వస్తుంది. ఆ మాట అనేటప్పుడు వాణ్ణి చూడాలిరా! నడుం కాస్త వంగుతుంది, గొంతు సగానికి పడిపోతుంది, భుజం మీద తువ్వాలు చేతిలోకి వచ్చేస్తుంది. దిగాక ఆయన ఎంత చేతిలో పెడితే అంతే. "ఇంకో పది అడగొచ్చు కదరా" అన్నాను. "బాగోదండి" అన్నాడు. తెలుగాయన దగ్గర బాగున్నది ఇక్కడెందుకు బాగోదో వాడికీ తెలీదు.

అది ఆఫీసు బాబంటే భయం, భాషకేం సంబంధం అంటావు. అనకముందే చెబుతున్నాను. అదే ఆఫీసు బాబుకి తెలుగూ వచ్చు. సరదా పుట్టి ఒకరోజు తెలుగులో పలకరించాడు. మనవాడు వెంటనే "సార్, మీరలాగంటే ఎలా, నలభై ఇచ్చీండి" అని మొదలెట్టాడు. మనిషి ఆయనే, హోదా అదే, దారీ అదే.

నువ్వు ఆ అమెరికా పండితులు బ్రౌన్, గిల్మన్‌ల సంగతి చెప్పావు కదా, 1960లో రాశారన్నది. నువ్వు, మీరు లాంటి మాటల్లో ఒకవైపు అధికారం, ఒకవైపు దగ్గరతనం దాగుంటాయని. బాగుంది. అయితే వాళ్లు ఎక్కువగా చూసిన యూరప్ భాషల్లో రెండే మెట్లు. ఒడియాలో మూడు. కింది నుంచి పైకి తు, తుమె, ఆపణ. రమ్మనడానికే 'ఆ', 'ఆస', 'ఆసంతు' అని మూడు రకాలు. నోరు తెరిచేలోపు ఎదుటివాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తేల్చుకోవాలి. తేల్చుకోకుండా మాట్లాడదామంటే వాక్యం పూర్తికాదు. మన శ్రీకాకుళం వైపు పల్లెల్లో సుఖం. తండ్రినీ నువ్వే, మేనమామనీ నువ్వే, వెంకన్న బాబునీ నువ్వే. మా నాయనమ్మ తాతయ్యని జీవితమంతా 'నువ్వు' అనే అంది. ఏ రోజైనా 'మీరు' అందంటే ఆ పూట పొయ్యి వెలగదని మాకందరికీ అర్థం. కాబట్టి మహిమంతా మాటలో ఉందని నేనను. ఆ మాట ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్నదాంట్లో ఉంది.

ఎవరికి దక్కదో నీకు తెలుసు. కొండమీంచి దిగొచ్చే సవరలకి. మన చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. డెబ్భై ఏళ్ల ముసలాయన్ని పదేళ్ల కోమటి కుర్రాడు కూడా 'తు' అనే అంటాడు. తెలుగైతే "ఒరేయ్, ఇటురా". అది తిట్టు కూడా కాదు, అలా అంటున్నామన్న ధ్యాసే ఎవరికీ ఉండదు. వాళ్లూ దానికి తగ్గట్టే మెట్టు కింద నిలబడతారు, డబ్బులు ముందే చేతిలో పట్టుకుంటారు, ఇచ్చింది పుచ్చుకుని వెళ్లిపోతారు. అది చూసి మనవాళ్లు "సవరలు మాట్లాడరండీ, అమాయకులు" అంటారు.

ఈమధ్య మా షాపులో కటక్ వైపు కుర్రాడొకడు పనిలో చేరాడు. డి ఫార్మసీ చదివాడు. ఇంట్లో ఎలా పెంచారో గానీ, వాడికి వయసులో పెద్దవాళ్లెవరైనా ఆపణే. ఒకరోజు బీపీ మాత్రలకి ఒక సవర పెద్దాయన వచ్చాడు. మా దగ్గరికి ఏళ్ల తరబడి వస్తున్నవాడే. నేను మాత్రలు కవర్లో వేసి, కవరు మీద ఒక గీత గీసి ఇస్తాను, పొద్దున ఒకటి అని గుర్తు. ఎప్పుడూ ఒక్క మాట అడిగింది లేదు. మనవాడు స్టూలు జరిపి "బసంతు", అంటే కూర్చోండి అన్నాడు. ఆ పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడురా, ఎవరినా అని! వెనకాల ఎవరూ లేరు. కూర్చోలేదు గానీ స్టూలు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాసేపాగి, మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని, అందుకని రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని చెప్పాడు. ఏళ్ల తరబడి! ఆయన నోట అన్ని మాటలు వినడం నాకదే మొదలు. డాక్టరు దగ్గరికి తిరిగి పంపి మందు మార్పించాం. నువ్వు పైపూత అన్నది ఈ పూతేరా. దాని కింద బీపీ ఎంతుందో చూడు.

ఈ సంగతి మనూళ్లో ఎప్పుడో కనిపెట్టినవాడు ఒకరున్నారు కదా. 1880లో ఇక్కడ రాజావారి బళ్లో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష అనగానే అందరికీ ఆయన గుర్తొస్తారు. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టించిన సంగతి మాత్రం ఆగస్టు 29న దండలేసేవాళ్లలో సగంమందికి పట్టదు. 1931లో సవర వ్యాకరణం కూడా అచ్చయింది. 1936లో ఒడిశా ఏర్పడి మనూరు అటు పోయేసరికి ఆయన నొచ్చుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. ఊరు అటు పోయిందని బాధపడ్డ తెలుగువాళ్లం ఇంకా ఉన్నాం గానీ, సవర ముసలాయన్ని కూర్చోమనడానికి కటక్ నుంచి కుర్రాడు రావలసొచ్చింది. సరే, ఇది నా కడుపుమంట. వదిలెయ్.

ఇప్పుడు నవ్వుకునే సంగతి. మా అన్నయ్య రెండో కొడుకు ఒడియా పిల్లని చేసుకున్నాడని రాశాను కదా. పూరీ వైపు పిల్ల, బంగారం. వచ్చిన కొత్తలో ఇంట్లో మా అన్నయ్య పెద్దకొడుకు, అంటే ఆ పిల్లకి బావగారు, హాల్లోకి వస్తే చాలు, కొంగు తలమీదికి లాక్కుని లోపలికి మాయమయ్యేది. వాడు పాపం, ఏం తప్పు చేశానో అని టెన్షన్ పడిపోయాడు. ఏమీ లేదు. వాళ్లలో భర్త అన్నగారు 'దేఢశుర'. పాత ఇళ్లలో ఆయన ఎదుటపడకూడదు, మాట్లాడకూడదు, చెయ్యి తగలకూడదు. మన ఇంట్లో బావగారంటే ఏమిటి? మర్యాద ఉంటూనే పరాచికం, పండక్కి కొత్త చీర ఎక్కడని నిలదీసే చనువు. మావాడు మంచినీళ్లు అడిగితే ఆ పిల్ల గ్లాసు చేతికివ్వకుండా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయేది. మా వదిన దాన్ని పొగరనుకుంది. మూడు నెలలు ఇంట్లో మూతివిరుపులు. అటుచూస్తే ఆ పిల్ల అమ్మకి ఫోన్ చేసి, "వీళ్లింట్లో పెద్దన్నయ్య నాతో జోకులేస్తున్నాడు" అని ఏడ్చిందట. ఇద్దరూ వాళ్లవాళ్ల లెక్కలో ఎంతో పద్ధతిగానే ఉన్నారు మరి.

దీనికంటే పెద్దది ఒకరోజు భోజనాల దగ్గర జరిగింది. మా చెల్లెలు కూతురు, మా తమ్ముడి కొడుకు పక్కపక్కన కూర్చుని కొట్టుకుంటున్నారు. మా అత్తయ్య అలవాటుగా "వీళ్లిద్దరికీ ముడిపెట్టేస్తే సరి, వరసేగా" అంది. వడ్డిస్తున్న ఆ పిల్ల గరిటె గిన్నెలో పడేసి నిలబడిపోయింది. వాళ్లకి మేనమామ కొడుకంటే 'మామూ పువ భాయి'. భాయి అంటే అన్నదమ్ముడే, గమ్హా పున్నమికి రాఖీ కట్టించుకునేవాడు. మనకేమో బావ. పుట్టిన దగ్గర్నుంచి ఆటపట్టించడానికి లైసెన్సు. ఒకే రక్తసంబంధం. ఒక ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల వాడి ముందు సిగ్గుపడటం నేర్చుకుంటుంది, ఇంకో ఇంట్లో వాడి వీపు మీదెక్కి జామకాయలు కోస్తుంది. సిగ్గు ఒంట్లోంచి పుట్టేదైతే రెండిళ్లలోనూ ఒకేలా పుట్టాలి కదరా.

1871లో పుస్తకం వేసిన మోర్గాన్ అనే అమెరికా లాయరు లోకమంతా వరసలు పోగేస్తూ మన తెలుగు వరసలు కూడా రాసుకున్నాడని నువ్వే చెప్పావు. పెదనాన్న పిల్లలు అన్నదమ్ములెందుకు, మేనత్త పిల్లలు ఎందుకు కారు అని ఆశ్చర్యపోయాడేమో. మా కొత్తకోడలు కూడా అంతే ఆశ్చర్యపోయింది, కాకపోతే ఆవిడకి అన్నం సయించలేదు. తమాషా ఏమిటంటే, ఇప్పుడు మావాళ్లలో మేనరికాలు ఎలాగూ తగ్గిపోయాయి. పెళ్లి పోయింది, వరస మిగిలింది, వరసతో పాటు పరాచికం మిగిలింది. ఎందుకు సిగ్గుపడుతున్నారో తెలీకుండానే పిల్లలు సిగ్గుపడుతున్నారు.

వరసలన్నీ తియ్యగా ఉంటాయని కూడా అనుకోకు. సంతలో కూరగాయలావిడని నేను మౌసీ, అంటే పిన్నీ అంటాను. రెండు రూపాయలు తగ్గించమనడానికి నోరు రాదు, ఆవిడా గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వెయ్యకుండా పంపదు. లెక్క సరిపోతుంది. కానీ మా వీధిలో చాలా ఇళ్లలో పనిమనిషి కూడా 'అమ్మ', 'అప్ప', 'నానీ' (ఒడియాలో అక్క). "మా ఇంటి మనిషే" అంటారు. ఇంటి మనిషి కాబట్టి పండక్కి సెలవు అడగదు, జీతం పెంచమనదు, చుట్టాలొస్తే రాత్రి దాకా ఉండిపోతుంది. అడిగితే ఏమంటారో తెలుసా? "ఇన్నాళ్లూ అమ్మలా చూసుకున్నాం, డబ్బు మాట తెచ్చావా!" ఆ పిలుపు ముందు ఆవిడ నోరు మూతపడుతుంది. మా ఆటోవాడి ఆగ్యా కంటే ఇదే గట్టి తాళం అంటాను నేను.

ఇక ఆచారాల సంగతి. ఎవరూ కర్ర పట్టుకుని చెప్పరు, అయినా ఊరు ఊరంతా ఎలా మారిపోతుందో చూడాలంటే కార్తీకంలో రావాలి. ఒడియావాళ్ల కార్తీకం కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడు మొదలై కార్తీక పౌర్ణమితో అయిపోతుంది. ఆ నెలంతా చాలా ఇళ్లలో నీచు ముట్టరు. ఆఖరి ఐదు రోజులు పంచుక, కొంగ కూడా చేపని ముట్టదంటారు. కోడి షాపులవాళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు. మనకేమో కార్తీకం దీపావళి అమావాస్య దాటాక గానీ మొదలుకాదు, మళ్లీ అమావాస్య దాకా సాగుతుంది. మా ఆవిడ ఇరుగుపొరుగుని చూసి అదీ పాటిస్తుంది, పుట్టింటిని తలచుకుని ఇదీ పాటిస్తుంది. నెలన్నర! ఇంట్లో కోడిగుడ్డు పేరెత్తితే పాపం.

దీనికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం పాతపట్నం. దీపావళి లోపు ఆదివారాలు మన తెలుగు కుర్రాళ్లు బండెక్కి రాష్ట్రం దాటి, అక్కడ బిర్యానీ తిని, వక్కపొడి నములుతూ తిరిగొస్తారు. సరిహద్దు అవతల తిన్నది ఒడియా కార్తీకంలో పడదట! ఇదే కుర్రాళ్లు మన బజార్లో కోడి షాపు తెరిచున్నా అటు తల తిప్పరు. దేవుడికి భయపడితే రెండు చోట్లా భయపడాలి. భయం పక్కింటి నానీ చూస్తుందని. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, అంటే పస్తు విడుపు. ఆ రోజు తెల్లారకముందే మాంసం కొట్ల ముందు క్యూలు, రేట్లు ఆకాశంలో. మా ఆవిడకి మాత్రం ఇంకా సగం కార్తీకం మిగిలే ఉంటుంది.

కాబట్టి నువ్వొచ్చేటట్టయితే తేదీ చూసుకుని రా. విశాఖలో గుణుపురం రైలెక్కితే మనూళ్లోనే దిగుతావు, బస్సుల గొడవ లేదు. మీ ఆవిడ కూడా వస్తే దీపావళి ముందే రండి, పాతపట్నం దారి నేను చూపిస్తాను. ఒక్కడివే వస్తే ఛాడఖాయి నాటికి రా. ఆ కటక్ కుర్రాడు ఏకాదశి నుంచే మటన్‌కి చెప్పిపెట్టుకుంటాడు, మనిద్దరికీ కలిపి చెప్పమంటాను. వాడు నిన్ను ఆపణ అంటాడు, పొంగిపోకు.

నీ,
మందుల షాపువాడు