కెమెరా వేడిని చూపిస్తుంది, స్క్రూ బిగించదు

సంపాదకుడికి,

అయ్యా,

ఎలక్ట్రీషియన్లందరికీ థర్మల్ కెమెరాలు (వేడిని రంగుల బొమ్మగా చూపేవి) ఉండాలంటూ మీ పత్రికలో వచ్చిన కథనం చదివి పది రోజులు దాటింది. తెలిసినవాళ్లెవరైనా సరిచేస్తూ రాస్తారేమోనని ఆగాను. ఎవరూ రాయకపోగా, మొన్న జిల్లా పేజీలో మళ్లీ అదే పాట. కెమెరా పెట్టి చూస్తే చాలట, 'షార్ట్ సర్క్యూట్' ప్రమాదాలు మాయమైపోతాయట. ఎర్రగా పచ్చగా ఒక ప్యానెల్ బొమ్మ వేశారు. దాని కింద ఎంత లోడు మీద తీశారో ఒక్క అంకె లేదు. ఆ అంకె లేని బొమ్మ గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ కొరగాదు.

కెమెరా పనికిరాదని నేననడం లేదు. లూజు కాంటాక్టును పట్టడానికి దాన్ని మించిన సాధనం లేదు. కానీ జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. 20 ఆంపియర్ల దగ్గర పక్క ఫేజు కన్నా 10 డిగ్రీలు ఎక్కువ చూపించిన లగ్గు (వైరు చివర బిగించే లోహపు తొడుగు), 40 ఆంపియర్లకు వెళ్తే సుమారు 40 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మే నెలలో మన దగ్గర ప్యానెల్ గదే 42 ఉంటే లగ్గు 82 దాటినట్టే. మామూలు పీవీసీ వైరు తట్టుకునేది 70. అంటే ఉదయం పది గంటలకు, ఏసీలు ఇంకా వేయకముందు వచ్చి, 'అన్నీ నార్మల్' అని రాసి వెళ్లిన రిపోర్టు ఆ మధ్యాహ్నానికే అబద్ధం. రేటెడ్ కరెంటులో కనీసం 40 శాతం లోడు ఉండాలి, అదీ గంటసేపైనా నిలకడగా నడిచి ఉండాలి. అపార్ట్‌మెంట్లలో అయితే వేసవి రాత్రి తొమ్మిది, పది మధ్య చూడాలి. ఆ వేళకు రిపోర్టు రాసేవారు ఎవరొస్తారు?

ఇక ప్యానెల్‌లో కరెంటు మోసే తళతళలాడే రాగి పట్టీ, బస్‌బార్ సంగతి. మెరిసే లోహం తన వేడిని సరిగా వెదజల్లదు, ఎదుట ఉన్నదాని వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. కెమెరా పట్టుకున్న మనిషి నాలుగడుగులు పక్కకు జరిగితే బస్‌బార్ మీది 'హాట్ స్పాట్' కూడా జరుగుతుంది. అది మనిషి ఒంటి వేడి! దాన్నే ప్రమాదమని రాసి ఎస్టిమేట్ వేసేవాళ్లున్నారు. అసలు ఘోరం దీనికి తిరగబడ్డ సందర్భం. నిజంగా 90 డిగ్రీలున్న బార్ 45 అని చూపిస్తుంది, అందరూ నిశ్చింతగా ఇళ్లకు పోతారు. మందు చాలా చవక. సప్లై ఆపినప్పుడే జాయింటు పక్కన అంగుళం మేర నల్ల పీవీసీ టేపు అంటించాలి. లోడు ఎక్కాక కెమెరాలో ఎమిసివిటీ (ఉపరితలం వేడిని వెదజల్లే పాలు) 0.95 పెట్టి ఆ టేపునే చూడాలి. ఇన్సులేషన్ ఉన్న వైరుకైతే టేపు అక్కర్లేదు.

ప్యానెల్ ముందుండే అక్రిలిక్ షీటు తీయకుండా ఫొటోలు తీసేవాళ్లకు దండం పెట్టాలి. అక్రిలిక్, గాజు కెమెరా చూసే వేడి కిరణాలను పోనివ్వవు. వాళ్లు తీసుకెళ్లేది షీటు టెంపరేచరు. షీటు తీయాలంటే గ్లవ్స్ ఉండాలి, ఫేస్ షీల్డ్ ఉండాలి, పక్కన రెండో మనిషి ఉండాలి. మీ కథనంలోని ఫొటోలో చేతులు ఉత్తివే.

చూడటంలోనూ ఒక వరస ఉంది. ముందు క్లాంపు మీటరుతో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మూడు ఫేజులు, న్యూట్రల్ కొలిచి రాసుకోవాలి. టెర్మినల్ దగ్గర మండుతూ వైరు వెంట పోనుపోను చల్లబడితే జాయింటు లోపం. వైరు మొత్తం ఒకేలా వేడెక్కితే ఓవర్‌లోడు, లేదా సైజు చాలలేదు. అక్కడ ఎంత బిగించినా లాభం లేదు. మూడు ఫేజులూ సమానంగా వెచ్చగా ఉంటే అది లోడు వేడి. కాంటాక్టర్ (మోటారు లాంటి లోడును కలిపి విడదీసే స్విచ్చి) కాయిల్ ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడి మార్చనక్కర్లేదు. ఒకే లోడులో ఉన్న ఒకే రకం భాగాల మధ్య తేడా 15 డిగ్రీలు దాటితే వెంటనే ఆపి సరిచేయాలని, 4 నుంచి 15 ఉంటే వీలు చూసుకుని సరిచేయాలని నెటా (అమెరికాలోని ఎలక్ట్రికల్ టెస్టింగ్ సంఘం) పట్టిక చెబుతుంది. సరిచేశాక అదే లోడు మీద మళ్లీ ఒక ఫొటో తీయాలి. రెండో ఫొటో ఉన్న రిపోర్టు మీ విలేకరి ఎక్కడైనా చూశారా?

కొనేటప్పుడు ఇంకో మోసం. బాక్సు మీద పెద్దక్షరాల్లో ఉండేది తెర రిజల్యూషన్. లోపలి సెన్సర్ ఎంతో చూడాలి. 160×120 సెన్సరు, 57 డిగ్రీల లెన్సు అయితే, 8 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ సుమారు 5 సెంటీమీటర్ల చోటును చూస్తుంది. నమ్మదగిన కొలత రావాలంటే మూడు పిక్సెళ్ల వెడల్పైనా కావాలి, అంటే 15 సెంటీమీటర్లు. స్తంభం మీద రెండు వేళ్ల వెడల్పు జంపర్ క్లాంపు (తీగలను కలిపే బిగింపు) కాలిపోతున్నా వెనకున్న ఆకాశంతో కలిపి సగటు తీసి చల్లగా ఉందని చెబుతుంది. అదే కెమెరా అర మీటరు దూరంలోని డీబీకి (డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు) బ్రహ్మాండంగా సరిపోతుంది.

కెమెరాకు కనబడనివీ చెప్పాలి. తెగిపోయిన న్యూట్రల్‌లో కరెంటు పోదు కనుక అది చల్లగా ఉంటుంది. ఈలోగా ఒక ఇంటికి 230 బదులు 400 వోల్టుల దాకా వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి. ఎర్త్ లేకపోవడం కనబడదు. గోడలో పైపు లోపలి వైరు దాదాపు కనబడదు. మోటారు స్టార్టరు డబ్బాకు షాకు రావడం కనబడదు. మనుషుల ప్రాణాలు తీసేవి ఇవే. ఎర్త్, లీకేజీ లోపాలకు కావలసింది మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించేది), ఎర్త్ టెస్టర్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసేది). దాని టెస్ట్ బటన్‌ను నెలకోసారైనా నొక్కే ఇల్లు ఈ వీధిలో ఎన్ని?

ఇప్పుడు మన ఘనత చూడండి. నలభై, యాభై వేలు పెట్టి కెమెరా కొనమంటున్నాం. టార్క్ స్క్రూడ్రైవర్ (స్క్రూను కొలిచినంత బలంతో బిగించేది) దాంట్లో ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది, అది ఎంతమంది సంచిలో ఉంది? చిన్న ఎంసీబీల (కరెంటు పరిమితి దాటితే పడిపోయే బ్రేకర్ల) స్క్రూలకు మామూలుగా 2 నుంచి 2.5 న్యూటన్ మీటర్లు అని కంపెనీ కాగితంలోనే రాసి ఉంటుంది. ఆ కాగితం డబ్బాతో సహా చెత్తలోకి పోతుంది. లగ్గును క్రింపింగ్ టూల్‌తో (వైరు మీద నొక్కి బిగించేది) కాక సుత్తితో చదును చేయడం, అల్యూమినియం సర్వీస్ వైరును బైమెటాలిక్ (అల్యూమినియం, రాగి రెండూ కలిసిన) లగ్గు లేకుండా రాగి టెర్మినల్‌లో దూర్చడం, 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు 25 లగ్గు వేసి ఖాళీలో తీగముక్కలు కుక్కడం... హాట్ స్పాట్లు పుట్టేది ఇక్కడే. తినడానికి తిండి లేదు, మీసాలకు సంపెంగ నూనె!

తనిఖీలు చేయవలసిన వారి గురించి ఏం రాయాలి? ప్యానెల్ తలుపు తెరవకుండానే సంతకం పడుతుంది. ఏదైనా తగలబడితే మంటలు ఆరకముందే 'షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమిక నిర్ధారణ' అంటారు, మీరు అచ్చు వేస్తారు. ఏ జాయింటు, ఏ వైరు, బ్రేకరు ఎందుకు పడలేదు అని అడిగిన వార్త ఈ పదేళ్లలో నా కంట పడలేదు. లూజు జాయింటు షార్ట్ సర్క్యూట్ కాదు. దాన్ని ఎంసీబీ పట్టలేదు, ఎందుకంటే కరెంటు పరిమితి దాటదు, వేడి ఒక్కటే పెరుగుతుంది. థర్మల్ కెమెరా అవసరం సరిగ్గా అక్కడే ఉంది. ఆ ముక్క మాత్రం కథనంలో రాలేదు.

ఇళ్లకు వైరింగ్ చేసుకునే ఎలక్ట్రీషియన్ అప్పు చేసి కెమెరా కొననక్కర్లేదు. క్లాంపు మీటరు, మెగ్గర్, క్రింపింగ్ టూల్, టార్క్ స్క్రూడ్రైవర్ అన్నీ ఉన్నాక ఆలోచించుకోవచ్చు. ఆసుపత్రులు, కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు, పెద్ద అపార్ట్‌మెంట్ల ప్యానెళ్లు చూసే కాంట్రాక్టరుకు 256×192 సెన్సరుది ఉండాల్సిందే. పట్టణంలో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. అది రోజూ వాడే వస్తువు కాదు, ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకసారి నిండు వేసవిలో.

ఈసారి ఎవరైనా మీ విలేకరి చేతికి రంగుల రిపోర్టు ఇస్తే, బొమ్మల సంగతి తర్వాత చూడమనండి. ముందు ఆంపియర్లు ఏ పేజీలో రాశారో అడగమనండి.

– ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, గుంటూరు