స్టే ఇవ్వకపోవడం సంయమనమే, మరి తీర్పు ఇవ్వకపోవడం?

సంపాదకులకు,

2023 నాటి ఎన్నికల కమిషనర్ల నియామక చట్టం అమలును ఆపకుండా (స్టే ఇవ్వకుండా) సుప్రీంకోర్టు చూపిన సంయమనాన్ని మెచ్చుకుంటూ మీరు రాసిన సంపాదకీయం గత వారం చదివాను. కోపం కాస్త తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

మీ వాదనలో సగం నాకూ సమ్మతమే. పార్లమెంటు చేసిన చట్టం చెల్లదని తేలేదాకా చెల్లుతుందనే అనుకోవాలి. ఎవరో పిటిషన్ వేశారని ప్రతి చట్టాన్నీ మూలన పెడితే ఇక చట్టసభలెందుకు? పైగా 2024 మార్చి 21న జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం స్టేకు నిరాకరించేనాటికి లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చేసింది. ముగ్గురు కమిషనర్లలో అనూప్ చంద్ర పాండే ఫిబ్రవరిలో పదవీ విరమణ చేశారు. అరుణ్ గోయల్ మార్చి 9న రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ పూట స్టే ఇచ్చి, వారి స్థానాల్లో ఈ చట్టం కింద జరిగిన నియామకాలు ఆపి ఉంటే, తొంభై ఆరు కోట్లకు పైగా ఓటర్లున్న ఎన్నికల భారం ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్ ఒక్కరి నెత్తిన పడేది. కాబట్టి ఆనాటి నిర్ణయం సబబే, కాదనను.

ఆ ఎన్నికలు జూన్‌లో ముగిశాయి కదా, తర్వాత ఏం అడ్డొచ్చింది? రాజీవ్ కుమార్ 2025 ఫిబ్రవరి 18న దిగిపోతారని దేశమంతటికీ ముందే తెలుసు. విచారణ 19న పెట్టారు. 17వ తేదీ రాత్రికల్లా కొత్త ప్రధాన ఎన్నికల కమిషనర్ నియామకం జరిగిపోయింది. కోర్టు వినేదాకా ఆగమని ప్రతిపక్ష నేత రాసిచ్చిన అసమ్మతి నోట్ ఫైల్లోకి వెళ్లింది. 19న జ్ఞానేశ్ కుమార్ బాధ్యతలు తీసుకున్నారు. కోర్టులో మాత్రం ఆ రోజు వాదనలు జరగలేదు. ఆయన పదవీకాలం 2029 జనవరి దాకా ఉంది. వ్యక్తుల అర్హత గురించి నాకు పేచీ లేదు. ఎంపిక పద్ధతి గురించే నా బాధ.

ఆ పద్ధతి ఎలా ఉందో చూడండి. 2023 మార్చి 2న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధాని, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కలిసి పేర్లు సిఫారసు చేయాలని చెప్పింది. డెబ్బై ఏళ్లుగా గుర్తుకురాని చట్టం, ఆ ఏడాది డిసెంబరులో ఆదరాబాదరాగా గట్టెక్కింది. అందులో ప్రధాన న్యాయమూర్తి కుర్చీ తీసేసి, ప్రధాని ఎంచుకున్న కేంద్ర మంత్రికి వేశారు. ముగ్గురిలో ఇద్దరు ఒకే మంత్రివర్గం వాళ్లు. దేశంలో పోలింగుకు ముందే ఫలితం తెలిసిన ఎన్నిక ఇదొక్కటే. 2024లో ప్రతిపక్షం తరఫున ఆ మూడో కుర్చీలో కూర్చున్న అధీర్ రంజన్ చౌదరి, తనకు ముందురోజు రాత్రి 212 పేర్లు, సమావేశానికి పది నిమిషాల ముందు ఆరు పేర్లు ఇచ్చారని చెప్పారు. ఆ తొందరేమిటని ధర్మాసనమే అడిగింది. అడిగి ఊరుకుంది.

నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ప్రిసైడింగ్ అధికారిగా ఎన్నికల డ్యూటీలు చేశాను. పోలింగ్ సిబ్బందిని సొంత నియోజకవర్గంలో వేయరు. ఎవరికి ఏ బూత్ పడుతుందో కంప్యూటర్ తేలుస్తుంది. తెల్లవారకముందే లేచి, ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరిపి, లెక్క చూపించి, ఆ ఓట్లు చెరిపి, పేపర్ సీలు మీద వాళ్ల చేత సంతకాలు పెట్టించి, అప్పుడే అసలు పోలింగ్ మొదలుపెట్టాలి. సాయంత్రం 17సి ఫారంలో పోలైన ఓట్ల లెక్క రాసి ప్రతి ఏజెంటుకూ నకలు ఇవ్వాలి. ఒక్క అంకె కొట్టేసి దిద్దినా పది ప్రశ్నలు. ఒక్కరోజు బూత్ నడిపే బడిపంతులుకు ఇన్ని కట్టుబాట్లు! దేశం మొత్తం ఎన్నికలు నడిపేవారిని ఎంపిక చేసేటప్పుడు మాత్రం ప్రతిపక్షానికి పది నిమిషాలు చాలు.

రాజ్యాంగ సభకు ఈ ప్రమాదం తెలియక కాదు. 1949 జూన్‌లో అంబేడ్కరే చెప్పారు: మూర్ఖుడో, మోసగాడో, ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండేవాడో ఆ పదవిలోకి రాకుండా ఆపే ఏర్పాటు లేకపోతే, పదవీకాలానికి ఎంత రక్షణ కల్పించినా ప్రయోజనం లేదని. 324వ అధికరణంలో ఆ పని పార్లమెంటుకే వదిలారు. పార్లమెంటు ఇదిగో, ఇలా చేసింది.

ఇక సంయమనం సంగతి. 2021 జనవరి 12న మూడు సాగు చట్టాల అమలును సుప్రీంకోర్టు ఆపేసింది. ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు అడిగింది రద్దు, కోర్టు ఇచ్చింది స్టే. అప్పుడీ సంయమనం ఎక్కడికి వెళ్లింది? న్యాయమూర్తుల నియామక కమిషన్ 2015 ఏప్రిల్‌లో అమల్లోకి వస్తే, అక్టోబరుకల్లా రాజ్యాంగ ధర్మాసనం విని కొట్టేసింది. తమ ఇంటి నియామకాలకు ఆరు నెలలు సరిపోయాయి! పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లకు మాత్రం 2019లోనూ, 2021లోనూ స్టే నిరాకరించి, 2024 ఫిబ్రవరి 15న రాజ్యాంగవిరుద్ధమని తేల్చారు. ఈలోగా పదహారు వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన బాండ్లు అమ్ముడయ్యాయి. ఆ డబ్బుతో జరిగిన ఎన్నికలను ఇప్పుడెవరు వెనక్కి తిప్పగలరు?

మన దగ్గర జరిగింది మీ సంపాదకీయానికి గుర్తుకు రాలేదా? 2020 ఏప్రిల్ 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలం కుదించి నిమ్మగడ్డ రమేశ్ కుమార్‌ను ఇంటికి పంపింది. కరోనా లాక్‌డౌన్‌లో కూడా హైకోర్టు విని, మే 29న ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. రెండు నెలలు కూడా పట్టలేదు. స్టే ఇవ్వాలా వద్దా అనే మీమాంసే అక్కర్లేకుండా అసలు విషయమే తేల్చారు. మహమ్మారి రోజుల్లో అమరావతిలో కుదిరింది, మామూలు రోజుల్లో ఢిల్లీలో కుదరదా?

అధికార గణం సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. మామూలు ఉద్యోగి స్వచ్ఛంద పదవీ విరమణ కోరితే మూడు నెలల నోటీసు, ఆపైన నో డ్యూస్ సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. 2022 నవంబరులో అరుణ్ గోయల్ ఒకరోజు స్వచ్ఛంద విరమణ పొంది, మరునాడు ఎన్నికల కమిషనర్ అయ్యారు. ఫైలు అంత వేగంగా ఎలా కదిలిందో చూడాలని రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తెప్పించుకుంది. నా పింఛను ఫైలుకు కూడా ఆ రెక్కలు ఉండి ఉంటే బాగుండేది.

మీకో విన్నపం. ఫిబ్రవరి 18న కొత్త కమిషనర్ ఫొటోతో మొదటి పేజీలో నాలుగు కాలాల వార్త వేశారు. విచారణ జరగలేదన్న కబురు రెండు రోజుల తర్వాత లోపలి పేజీలో, టెండరు ప్రకటన పక్కన మూడు వాక్యాల్లో వచ్చింది. ఈ కేసు మళ్లీ ఎప్పుడు విచారణకు వస్తుందో, ఆ రోజు వాయిదా ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో మొదటి పేజీలో వేయండి. సంయమనం మీద సంపాదకీయం తర్వాత రాసుకోవచ్చు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు