అందరి బీపీ 130/80 ఎలా అవుద్దండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పల్లె దవాఖానలోనో హెల్త్ క్యాంపులోనో బీపీ చూపించుకునే ఓ నలుగురి కార్డులు తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. 130/80, 130/80, 140/90, మళ్ళీ 130/80. అన్నీ సున్నాతోనే అయిపోతాయి. మిషన్ మీద 137 అనో 143 అనో కనిపిస్తది గానీ కార్డు మీదకి వచ్చేసరికి రౌండ్ ఫిగర్ అయిపోతది. ఇంత చిన్నదానికి పేపర్‌కి లెటర్ రాయాలా అనుకుంటారేమో, ఇది చిన్నది కాదనే రాస్తున్నా.

మనం బీపీ ఎక్కువుందా తక్కువుందా అని మాత్రమే అడుగుతాం. కానీ ఒకసారికీ ఇంకోసారికీ ఎంత తేడా వస్తోంది అనేది కూడా చూడాలని 2010లో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ రాత్‌వెల్ అనే న్యూరాలజిస్ట్, ఆయన టీమ్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అప్పటికే ఒకసారి చిన్నపాటి పక్షవాతం లక్షణాలు వచ్చి పోయినవాళ్ళ రీడింగులు ఏడు విజిట్లవి తీసి చూస్తే, పై నంబర్ బాగా ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్ళకి, పెద్దగా మారనివాళ్ళ కంటే స్ట్రోక్ రిస్క్ దాదాపు ఆరు రెట్లు కనిపించింది. అది కూడా సగటు బీపీ లెక్కలోకి తీసుకున్న తర్వాత. అంటే ఇద్దరికీ సగటు 140 అయినా, ఒకాయనకి ఎప్పుడు చూసినా 138, 142 మధ్యలో ఉండి ఇంకొకాయనకి ఓసారి 118 ఓసారి 165 వస్తుంటే ఆ రెండో ఆయన గురించే ఎక్కువ భయపడాలి. తర్వాత వచ్చిన స్టడీల్లో గుండె జబ్బులకి కూడా ఈ లింకు కనిపించింది.

ఇందులో ఒక మెలిక ఉంది, అది కూడా చెప్పాలి. వయసుతో రక్తనాళాలు గట్టిపడిపోతే వాటికి సాగే గుణం పోయి బీపీ ఇలా ఎగిరిపడుతుంది, కాబట్టి ఈ ఊగిసలాటే జబ్బు తెస్తుందా లేక లోపల ముదురుతున్న జబ్బుకి గుర్తా అనే వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఏదైనా సరే కార్డు మీద అది కనిపించాలి కదా! మనం చేసేదేంటంటే రౌండ్ చేసి దాన్ని తుడిచేస్తున్నాం.

ఇంకోపక్క లేని తేడాని మనమే పుట్టిస్తున్నాం. మా దగ్గర క్యాంపు పెట్టినప్పుడు చూశా. ఎండలో నడిచొచ్చిన పెద్దావిడని స్టూలు మీద కూచోబెట్టారు, వెనక ఆనుకోడానికి ఏం లేదు, చెయ్యి కిందకి వేలాడుతోంది, జాకెట్ చెయ్యి మీదే పట్టీ చుట్టేశారు, మిషన్ గాలి కొడుతుంటే "మాత్ర వేసుకున్నావా అమ్మా, ఏం తిన్నావ్, కొడుకు ఎక్కడుంటాడు" అని ప్రశ్నలు, ఆవిడ పాపం అన్నిటికీ వివరంగా జవాబు చెప్తోంది. మాట్లాడితేనే బీపీ పెరుగుద్ది. చెయ్యి టేబుల్ మీద కాకుండా కిందకి వేలాడేస్తే పై నంబర్ ఆరు పాయింట్లకి పైనే ఎక్కువ చూపిస్తుందని 2024లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు కొలిచి మరీ చెప్పారు. నేను స్టాఫ్‌ని తిట్టడానికి రాయట్లేదండీ, ఒక ఏఎన్ఎం పొద్దున్నించి మధ్యాహ్నం లోపల ఊరంతటినీ చూడాలంటే ఎవరైనా ఇలాగే చేస్తారు.

మందుల సంగతి ఇంకోటి. "ఇవాళ నార్మల్ ఉంది" అనగానే చాలామంది ఆ వారం మాత్ర మానేస్తారు, తల తిరిగినప్పుడు మళ్ళీ మొదలెడతారు. బీపీ ఊగడానికి దీని కంటే మంచి ఉపాయం ఉండదు! మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి కూడా బీపీని పైకి లేపుతాయి, ఆ మాట చెప్పేవాళ్ళు తక్కువ. అన్ని బీపీ మందులూ ఒకటి కాదు కూడా, అటెనొలాల్ కంటే ఆమ్లోడిపిన్ వేసుకున్నవాళ్ళలో ఈ ఊగడం తక్కువని ఆ 2010 పేపర్లలోనే ఉంది. అలాగని ఇది చదివి ఎవరూ మాత్ర సొంతంగా మార్చుకోకండి, ముఖ్యంగా అటెనొలాల్ ఉన్నట్టుండి ఆపితే గుండెకి ప్రమాదం.

2017లో కేంద్రం బీపీ కంట్రోల్ కోసం ఐహెచ్‌సీఐ అనే ప్రోగ్రాం మొదలుపెట్టినప్పుడు మొదటి ఐదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఉంది. బీపీ, షుగర్ మందుల ఎన్‌సీడీ కిట్లు ఇస్తున్నారు, ఆశాలు ఇంటికొచ్చి అడుగుతున్నారు, ఇదంతా మంచి పనే, కాదనను. ఇంత చేసినవాళ్ళు ఇంకొంచెం చేయాలి. వెనక ఆనుకునే కుర్చీ, పక్కన టేబుల్, ఐదు నిమిషాలు ఊరికే కూచోనివ్వడం, ఒక నిమిషం గ్యాప్‌తో రెండుసార్లు చూడడం, మిషన్ ఏం చూపిస్తే అదే రాయడం. మందులు ఏ నెలా అయిపోకుండా చూసుకోవడం, ఎందుకంటే సబ్ సెంటర్లో స్టాక్ లేకపోతే కూలి పనికి పోయే మనిషి బయట కొనుక్కోడు, మానేస్తాడు అంతే.

ఇంట్లో మిషన్ ఉన్నవాళ్ళు చేతి మణికట్టుకి పెట్టేది కాకుండా పై చేతికి చుట్టేది వాడితే నయం. డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక వారం పొద్దున సాయంత్రం రాసుకుని ఆ కాగితం తీసుకెళ్ళండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. డాక్టర్లకి కూడా ఒక విన్నపం, ఆ కాగితం మీద చివరి నంబర్ ఒక్కటే చూసి పక్కన పడేయకండి, వరసంతా చదవండి.

ఆరోగ్య శాఖ వాళ్ళు ఈసారి కార్డులు ప్రింట్ చేయించేటప్పుడు బీపీ గడి పక్కన రెండో రీడింగ్‌కి ఇంకో గడి వేయించాలి, పాత రీడింగులు కనీసం ఓ ఆరు ఒకే వరసలో కనిపించేలా పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా